కనపడని అక్షరాలు చూడాలంటే క్యాటా, హెక్స్‌డంపా, విమ్మా?

రెండు లైన్లూ ఒకేలా ఉన్నాయి, ఫైళ్లని పోల్చే డిఫ్ మాత్రం తేడా ఉందంటోంది, దేంతో చూడాలన్నా అని రుషికొండ ఆఫీసుల్లో పనిచేసే తమ్ముళ్లు తరచూ అడుగుతుంటారు. ఫైల్లో ఇంగ్లీషే ఉంటే ఆలోచించక్కర్లేదు, ఫైల్లో ఉన్నది టెర్మినల్లో చూపించే క్యాట్ కమాండ్‌కి పెద్ద ఏ (-A) ఆప్షన్ ఇవ్వండి చాలు. ట్యాబ్ ఉన్నచోట ^ఐ, లైను చివర $, విండోస్ నుంచి వచ్చిన ఫైలైతే ^ఎం కనిపిస్తాయి. మ్యాక్‌లో ఆ ఆప్షన్ లేదు, చిన్న ఈ, చిన్న టీ కలిపి (-et) ఇవ్వండి.

అసలు గొడవంతా తెలుగుతోనే.

వైజాగ్ ఏరియాల పేర్ల లిస్టే తీసుకోండి. ‘ద్వారకానగర్’ అని ఒకరు టైప్ చేశారు, ఇంకొకరు ఏదో సైటు నుంచి కాపీ చేశారు. ఆ కాపీలో చివరి పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసి ఒత్తు కాకుండా ఆపే, కంటికి కనపడని గుర్తు) అతుక్కుని వచ్చే అవకాశం బాగా ఉంది. ‘బీచ్‌రోడ్డు’ మధ్యలో దానికి పనుంది, లేకపోతే ర పోయి చ కింద ఒత్తుగా కూర్చుంటుంది. పదం చివర మాత్రం ఉన్నా లేకున్నా కంటికి ఒకటే. కంప్యూటర్‌కి ఒకటి 33 బైట్లు, రెండోది 36.

దీనిమీద క్యాట్‌ని అదే ఆప్షన్‌తో నడిపితే తెలుగు అక్షరం ఒక్కటీ మిగలదు. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటీ 3 బైట్లు, వాటిలో ప్రతి బైటునీ అది ఎం, హైఫన్ పెట్టి మొదలయ్యే చెత్తగా మార్చేస్తుంది. దొంగని పట్టుకుందామని వెళ్తే ఊళ్లో అందరికీ ముసుగేసినట్టు! ఇలాంటి పనికే వాడే సెడ్‌లో ఎల్ కమాండూ అంతే, ఓడీ అనే కమాండ్ కూడా అంతే, కాకపోతే అంకెలు.

ఫైలుని బైటు బైటుగా చూపించే హెక్స్‌డంప్ అబద్ధం చెప్పదు, పెద్ద సి (-C) ఆప్షన్ ఇస్తే ఆ నాన్ జాయినర్‌ని ఈ2 80 8సి అని మూడు బైట్లుగా చూపిస్తుంది. ఎవరికైనా రుజువు చూపించాలంటే అదే మేలు. కానీ కుడిపక్క తెలుగు బదులు చుక్కలే వస్తాయి, పైగా వరసకి 16 బైట్లు కాబట్టి ఆ మూడూ రెండు వరసల్లోకి చీలిపోతుంటాయి, అప్పుడు వెతికినా దొరకవు.

నా ఓటు టెర్మినల్లో నడిచే ఎడిటర్ విమ్‌కే. తెలుగుని తెలుగులాగే ఉంచి, ఆ ఒక్కచోట దాని యూనికోడ్ నంబరుని <200సి> అని రాసి చూపిస్తుంది. ఏ పేరు దగ్గర ఉందో చదువుతూనే తెలిసిపోతుంది, నాకు కావల్సింది అదే. చాలా టెర్మినళ్లలో ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి, దానికి విమ్‌ని తిట్టి లాభం లేదు. అయితే నాన్ బ్రేకింగ్ స్పేస్ (మామూలు స్పేస్‌లాగే కనిపించే వేరే అక్షరం) చూపించాలంటే విమ్‌లోని లిస్ట్‌చార్స్ అనే సెట్టింగ్‌లో విడిగా చెప్పాలి. ఫైలంతా విండోస్ లైన్లే అయితే కింద డాస్ అని ఓ మాట వేసి ఆ ^ఎంలు దాచేస్తుంది, అక్కడ మాత్రం మళ్లీ క్యాటే నయం.

దొరికింది కదా అని ఫైలంతా ఒకేసారి తీసేయకండి, బీచ్‌రోడ్డు కాస్తా ‘బీచ్రోడ్డు’ అయిపోతుంది. వెనకాల స్పేసో, కామానో, లైను చివరో ఉన్నవాటినే తీయండి.