నికాన్ 200-500 లెన్స్: ఐదేళ్లుగా జూలో పులులు, సింహాలు తీశాక

మాది విజయనగరం. నెలకో ఆదివారం పొద్దున్నే రైలెక్కి విశాఖ జూకి వెళ్తాను (సోమవారం జూకి సెలవు). ఐదేళ్లుగా నా డి7500 కెమెరా బాడీకి నికాన్ 200-500 మి.మీ. ఎఫ్/5.6 జూమ్ లెన్సే. సిరిమానోత్సవం రోజున జనంలో దూరంగా నిలబడి కూడా మాను చివర కూర్చున్న పూజారి ముఖం దీంతో తీయగలిగాను. కొన్నది మాత్రం పులుల కోసమే.

లెన్స్ 2.3 కిలోలు, బాడీతో కలిపి మూడు. గంటసేపు చేత్తో పట్టుకుంటే భుజం లాగేస్తుంది. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) కొన్నాకే నా ఫోటోలు షార్ప్‌గా రావడం మొదలైంది. లెన్స్‌లో ఉండే వీఆర్ (వణుకు తగ్గించే ఏర్పాటు) మన చేతి వణుకుకే పనికొస్తుంది, అటూ ఇటూ తిరిగే పులికి కాదు. అందుకే నీడలో ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 3200 దాకా పెంచైనా షటర్ వేగం 1/500 సెకను కంటే తగ్గనివ్వను. మన వైపు గాలిలో తేమ ఎక్కువ కదా, రెండో వానాకాలంలో లెన్స్‌లో ఫంగస్ (బూజు) చుక్కలు కనిపించాయి. అప్పటి నుంచి తేమ పీల్చే సిలికా జెల్ వేసిన మూత డబ్బాలోనే ఉంచుతున్నాను.

ఈ లెన్స్ గొప్పతనం జంతువుల ముందుండే మెష్ (తీగల వల) దగ్గర తెలుస్తుంది. జూమ్ 500 మి.మీ. దగ్గర, అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్/5.6లో పెట్టి తీస్తే, జంతువు మెష్‌కి బాగా వెనక ఉంటే తీగలు కనిపించకుండా పోతాయి. తీగల మీద ఎండ పడితే మాత్రం ఫోటో అంతా పొగ పట్టినట్టు వస్తుంది. నీడ పడిన చోటు వెతుక్కోండి. దగ్గరికెళ్దామని బ్యారికేడ్ మాత్రం దాటకండి.

అలా తీసిన ఒక సింహాన్ని చూసి మావయ్య, "ఏటిరా, ఏ అడవికెళ్లావు?" అన్నాడు. జూ అని చెప్పాను. చిన్నప్పుడు ఆయనే నన్ను భుజాన ఎక్కించుకుని సర్కస్‌లో స్టూలు మీద కూర్చున్న సింహాన్ని చూపించాడు. 1998లో కేంద్రం సర్కస్‌లలో పులులు, సింహాల ఆటలు నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. అలా సర్కస్‌ల నుంచి విడిపించిన వాటి కోసం విశాఖ జూ పక్కనే రెస్క్యూ సెంటర్ పెట్టారు. అందులోకి సందర్శకులను రానివ్వరు. కెమెరాతో వెళ్తానని నేనూ ఎప్పుడూ అడగలేదు. ఏళ్ల తరబడి జనం ముందు ఆడినవి, ఆ తర్వాతైనా వాటిని ఎవరూ చూడకపోతే మంచిదనిపిస్తుంది.

మావయ్య ప్రశ్న తర్వాత ప్రతి ఫోటో కింద 'జూలో తీసింది' అని రాస్తున్నాను. ఆయన ప్రింట్ అడిగితే తీగలు కనిపించే ఫోటోనే ఇచ్చాను.