విద్, జ్ఞా: తెలియడానికి రెండు వేర్లు

విద్య, జ్ఞానం రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే, కానీ వాటి ధాతువులు వేరు. విద్ అసలు చూపుకి సంబంధించింది, సంస్కృతానికి చుట్టాలైన భాషల్లోనూ ఇదే వేరు కనిపిస్తుంది: లాటిన్‌లో విడేయో అంటే చూస్తున్నాను (మన వీడియో అక్కడిదే), గ్రీకులో ఓయిదా మూలార్థం 'చూశాను', వాడుకలో మాత్రం 'నాకు తెలుసు'. చూశాను కాబట్టి తెలుసు అన్నమాట, ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే! జ్ఞా గుర్తుపట్టడం వైపు. ఇంగ్లీషులో తెలియడానికి వాడే 'నో' (know) స్పెల్లింగు మొదట్లో పలకని కె ఉంటుంది చూడండి, ఒకప్పుడు దాన్ని పలికేవారు, అది జ్ఞాలోని జకారానికి చుట్టం. జర్మన్‌లో రెండూ బతికే ఉన్నాయి: విషయం తెలిస్తే విస్సెన్, మనిషి తెలిస్తే కెన్నెన్. మన 'తెలుసు' ఒక్కటే రెండు పనులూ చేస్తుంది, కానీ అది ద్రావిడ మాట, తెలుపుకీ తెల్లవారడానికీ దగ్గరిది.