విజయవాడలో దోమతెరల పనికి నాలుగేళ్లు గూగుల్ యాడ్స్ వాడిన అనుభవం

విజయవాడలో ఇళ్ల కిటికీలకు, తలుపులకు దోమతెరలు బిగించే పని నాది. రోడ్డు మీద దుకాణం లేదు. ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డు, ఇద్దరు పనివాళ్లు, ఒక ఫోను నంబరు ఉన్నాయి. 2021 జూన్ వరకు ఒకరింట్లో పని చూసి పక్కింటివారు పిలిస్తేనే మాకు పని. ఆ నెలలో మొదటిసారి గూగుల్ యాడ్స్‌లో ఖాతా తెరిచి, రోజుకు 300 రూపాయల బడ్జెట్‌తో, క్లిక్కుకు ఇంత అని డబ్బు తీసుకునే ప్రకటనలు మొదలుపెట్టాను. మధ్యలో రెండుసార్లు ఆపినా, నాలుగేళ్లకు పైగా వాడుతూనే ఉన్నాను. ఈ ప్రకటనలు నా వ్యాపారానికి నిజంగా మేలు చేశాయి. ఈ రోజు నాకు వచ్చే పనిలో సగానికి పైగా వాటి ద్వారానే వస్తోంది. అయితే మొదటి మూడు నెలలు పెట్టిన డబ్బులో చాలా భాగం నీళ్లపాలైంది, అందులో ఎక్కువ వంతు ముందే తెలిసి ఉంటే ఆపగలిగినదే. కొత్తగా మొదలుపెట్టేవారికి ఆ ఖర్చు తప్పాలనే ఇది రాస్తున్నాను.

మొదటి వారంలోనే ఫోన్లు రావడం మొదలైంది. నేను నిచ్చెన మీద ఉంటాను కాబట్టి ఫోను మా ఆవిడ ఎత్తేది. మూడో రోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె ఒక నోటుపుస్తకం నా ముందు పెట్టింది. ఆ రోజు వచ్చిన ఏడు ఫోన్లలో ఐదు ఒకటే మాట: "అండీ, డబుల్ కాట్ మంచానికి దోమతెర ఎంత పడుతుందండీ?" మేము మంచపు తెరలు అమ్మము. నేను కీవర్డుగా, అంటే ఏ మాట వెతికితే ప్రకటన కనిపించాలో గూగుల్‌కు చెప్పే మాటగా, పెట్టిన "దోమతెర"కు మన ఊళ్లో మంచం మీద కట్టుకునే తెర అనే అర్థమే ముందు వస్తుంది. కిటికీకి వేసేదాన్ని చాలామంది "మెష్" అనో "జాలీ" అనో అంటారు. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న నాకు ఈ తేడా తెలియక కాదు, కానీ కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు గుర్తుకు రాలేదు. అలా నొక్కిన ప్రతి ఒక్కరికీ నేను 14, 15 రూపాయలు చెల్లించాను.

ఈ విధానంలో కొత్తవారు మొదట నేర్చుకోవలసినది కీవర్డుకూ, జనం నిజంగా టైపు చేసిన మాటకూ ఉన్న తేడా. మనం ఇచ్చే కీవర్డుకు మూడు రకాల పొంతన ఉంటుంది. ఏ గుర్తూ లేకుండా ఇస్తే అది బ్రాడ్ మ్యాచ్; ఆ మాటకు సంబంధం ఉందని గూగుల్ అనుకున్న ఏ వెతుకులాటకైనా మన ప్రకటన కనిపిస్తుంది. కొటేషన్ గుర్తుల మధ్య ఇస్తే ఫ్రేజ్ మ్యాచ్, చదరపు బ్రాకెట్లలో ఇస్తే ఎగ్జాక్ట్ మ్యాచ్. ఈ రెండింటిలో అర్థం మరింత దగ్గరగా ఉండాలి. నేను మొదట అన్నీ బ్రాడ్‌లోనే పెట్టాను. తక్కువ బడ్జెట్‌తో మొదలుపెట్టేవారు పది పదిహేను మాటలను ఫ్రేజ్‌లోనూ ఎగ్జాక్ట్‌లోనూ పెట్టుకుని మొదలుపెట్టడం మంచిదని ఇప్పుడు నా గట్టి అభిప్రాయం.

అసలైన సాధనం సెర్చ్ టర్మ్స్ నివేదిక. మన ప్రకటన ఏయే మాటలకు కనిపించిందో, ఎవరు ఏ మాట టైపు చేసి నొక్కారో అందులో వరుసగా ఉంటుంది. మొదటి నెల చివర ఒక ఆదివారం మధ్యాహ్నం నేనూ మా ఆవిడా కూర్చుని ఆ జాబితా అంతా చదివాము. "దోమతెర మంచానికి", "దోమతెర ఆన్‌లైన్ తక్కువ ధర", "దోమతెర కుట్టడం ఎలా", "మెష్ మీటరు రేటు", "దోమల బ్యాట్" వంటివి పేజీలకు పేజీలు. మాకు పనికొచ్చేవి, అంటే "కిటికీలకు మెష్ బిగించేవారు", "ప్లీటెడ్ మెష్ డోర్ విజయవాడ" లాంటివి, నాలుగింట ఒక వంతు కూడా లేవు. పనికిరాని వాటిని ఒక్కొక్కటిగా నెగటివ్ కీవర్డులలో, అంటే ఉంటే ప్రకటన చూపించవద్దని చెప్పే మాటలలో, వేశాము: మంచం, బెడ్, కాట్, బేబీ, కుట్టడం, మీటరు, హోల్‌సేల్, బ్యాట్, ఉద్యోగాలు. రెండో నెలలో ఫోన్లు తగ్గాయి, కానీ కొలతలకు ఇంటికి రమ్మనేవారు పెరిగారు.

ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. మనవాళ్లు తెలుగు మాటను చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేస్తారు, అదీ ఒక్కొక్కరు ఒక్కో విధంగా. "మంచం" అనే ఒక్క మాటనే నాలుగైదు స్పెల్లింగులతో నా జాబితాలో చూశాను. నెగటివ్ కీవర్డులు మామూలు కీవర్డుల వలె పర్యాయపదాలకు, దగ్గరి మాటలకు తమంతట తామే విస్తరించవు కాబట్టి, తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లీషు అక్షరాలలో కనిపించినవన్నీ, ఏకవచనం ఒకటి, బహువచనం ఒకటి చేతితో వేసుకోవాలి. గూగుల్ ప్రకటనలకు తెలుగు భాషా సౌకర్యం 2018లో వచ్చింది. తెలుగులో రాసిన ప్రకటన నా అనుభవంలో బాగా పనిచేస్తుంది. కానీ భాషల సెట్టింగులో తెలుగు ఒక్కటే కాక ఇంగ్లీషు కూడా పెట్టుకోవాలి, ఎందుకంటే ఫోను ఇంగ్లీషులోనే ఉంచుకుని తెలుగులో మాట్లాడేవారే మనలో ఎక్కువ.

ఖాతా తెరిచేటప్పుడు ముందే టిక్కు పెట్టి ఉండే కొన్ని సెట్టింగులు ఉంటాయి. వాటిని నేను చదవకుండా ముందుకు నొక్కేశాను, ఆ తప్పు నాదే. సెర్చ్ క్యాంపెయిన్‌లోనే, అంటే వెతికేవారికి చూపే ప్రకటనల విభాగంలోనే, ఇతర సైట్లు, యాప్‌లలో ప్రకటనలు చూపే డిస్‌ప్లే నెట్‌వర్క్ కూడా కలిసి ఉంటుంది; దాన్ని తీసేయకపోతే వెతుకుతున్నవారికే కాక, ఏదో ఒక సైటు చూసుకుంటున్నవారికి, యాప్‌లో ఆట ఆడుకుంటున్నవారికి కూడా ప్రకటన కనిపిస్తుంది, వేలు తగిలి వచ్చే క్లిక్కులకు కూడా ఖర్చు పడుతుంది. ప్రాంతం విషయంలో, మనం విజయవాడ అని ఎంచుకున్నా, సెట్టింగు మార్చకపోతే అక్కడ ఉన్నవారితో పాటు ఆ ఊరిపై ఆసక్తి చూపినవారికీ కనిపిస్తుంది. మొదట నేను దాన్ని పూర్తిగా ఆపేసి, ఊరిలో ఉన్నవారికే పరిమితం చేశాను. ఏడాది తరువాత ఒక విషయం గమనించాను. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటూ, పటమటలోనో భవానీపురంలోనో ఉన్న తల్లిదండ్రుల ఇంటికి తెరలు వేయించే పిల్లలు మాకు మంచి కస్టమర్లు. వాళ్లు బేరం కంటే పని నాణ్యత గురించి, వచ్చే రోజు గురించి అడుగుతారు. వారి కోసం ఊరి పేరు తప్పనిసరిగా ఉన్న మాటలతో విడిగా రోజుకు 80 రూపాయల చిన్న క్యాంపెయిన్ పెట్టాను. నేను చేసిన మార్పులన్నింటిలో రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చినది అదే.

ధర ఎలా తేలుతుందో తెలిస్తే అనవసరమైన భయం పోతుంది. ఎవరైనా వెతికిన ప్రతిసారీ అక్కడికక్కడే ఒక వేలం జరుగుతుంది. ఎక్కువ డబ్బు ఇస్తామన్నవారే పైకి వస్తారన్న నియమం లేదు; మనం ఇవ్వజూపిన మొత్తంతో పాటు ప్రకటన నాణ్యతను కూడా లెక్క వేస్తారు. కీవర్డు పక్కన 1 నుంచి 10 వరకు ఉండే క్వాలిటీ స్కోరు దానికి ఒక సూచిక: ప్రకటనను నొక్కే అవకాశం ఎంత, వెతికిన మాటకు అది ఎంత సరిపోతుంది, నొక్కాక తెరుచుకునే పేజీ ఎలా ఉంది అనేవి అందులో ఉంటాయి. నా ముఖ్యమైన కీవర్డుకు మొదట 3 ఉండేది. అన్ని పనులూ కలగలిపి ఉన్న మొదటి పేజీకి కాకుండా, కిటికీ తెరల ఫోటోలు, చదరపు అడుగు ధర, మేము వచ్చే ప్రాంతాల పేర్లు, ఫోను మీట ఉన్న ప్రత్యేక పేజీకి దారి మళ్లించాక అది క్రమంగా 7కు చేరింది. 18 రూపాయల దాకా పడుతున్న క్లిక్కు 12 దగ్గరకు వచ్చింది. "కిటికీ, తలుపులకు మాత్రమే" అన్న మాటను శీర్షికలోనే పెట్టడం, ధర ఎంత నుంచి మొదలవుతుందో చెప్పేయడం కూడా పనికిరాని క్లిక్కులను ఆపాయి.

లెక్క విషయంలో రెండు మాటలు. రోజుకు 300 అని పెట్టినా, గిరాకీ ఉన్న రోజున దానికి రెట్టింపు వరకు ఖర్చు కావచ్చు. నెల మొత్తానికి మాత్రం 30.4 రెట్లు, అంటే 9,120 రూపాయలు దాటదు. ఇది తెలియక ఒక రోజు 580 చూసి కంగారుపడి క్యాంపెయిన్ ఆపేశాను. దీనికి 18 శాతం జీఎస్టీ అదనం, అంటే మరో 1,642 రూపాయల దాకా. జీఎస్టీ నంబరు ఉన్నవారు దాన్ని ఖాతాలో నమోదు చేస్తే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునేలా, తీసుకోవచ్చు. చిన్న వ్యాపారులు తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు కనుక దాన్ని ఖర్చులోనే కలుపుకోవాలి.

ఫోన్ల లెక్క పెట్టకుండా ప్రకటనలు నడపడం కొలతలు లేకుండా ఫ్రేము కోయడం వంటిది. ప్రకటన నుంచి వచ్చిన ఫోను 60 సెకన్లు దాటితే ఫలితంగా లెక్కించేలా పెట్టాను. దానితో పాటు మా ఆవిడ నోటుపుస్తకం ఇప్పటికీ నడుస్తోంది: తేదీ, ప్రాంతం, ఏం అడిగారు, కొలతలకు వెళ్లామా, పని కుదిరిందా, ఎంతకు కుదిరింది. కంప్యూటరు ఫోను వచ్చిందని మాత్రమే చెబుతుంది. పని కుదిరిందో లేదో పుస్తకమే చెబుతుంది. మొదటి ఐదు నెలలు క్లిక్కుకు 18 రూపాయలు మించకూడదన్న పరిమితితో ఎక్కువ క్లిక్కులు తెచ్చే పద్ధతిని వాడి, నెలకు ముప్పై దాకా లెక్కకు వచ్చే ఫోన్లు నిలకడగా వస్తున్నాయని తేలాకే ఫలితాల ఆధారంగా గూగులే బిడ్ (క్లిక్కుకు ఇవ్వజూపే మొత్తం) వేసే పద్ధతికి మారాను. ఆ మార్పు తరువాత రెండు వారాలు ఏదీ కదిలించకుండా ఉండడం చాలా కష్టమైంది, కానీ ఉండాలి.

2022లో పని ఒత్తిడి పెరిగి ఖాతాను ఒక ఏజెన్సీకి అప్పగించాను. వారు నా ఖాతాను వాడకుండా తమ పేరుతో కొత్తది తెరిచారు. ఆరు నెలల తరువాత విడిపోయినప్పుడు ఆ ఖాతాలోని చరిత్ర, నెగటివ్ జాబితా, ఏ మాటకు ఎంత ఖర్చయిందన్న సమాచారం, అన్నీ వారి దగ్గరే ఉండిపోయాయి. ఎవరికి అప్పగించినా ఖాతా మన పేరున, మన ఈమెయిలుతో ఉండాలి. వారికి పనిచేసే అనుమతి మాత్రమే ఇవ్వాలి.

ఖాతాలో కనిపించే సిఫారసులను కూడా చదివి మరీ ఒప్పుకోవాలి. బడ్జెట్ పెంచమనో, బ్రాడ్ మ్యాచ్ చేర్చమనో వచ్చేవి అన్ని వ్యాపారాలకూ సరిపోవు. వాటిని తిరస్కరించినా ఖాతా ఎంత బాగా ఉందో చెబుతూ పక్కన ఉండే ఆప్టిమైజేషన్ స్కోరు పెరుగుతుంది, కనుక ఆ అంకె కోసం ఒప్పుకోవలసిన పని లేదు. మన ప్రకటన వస్తోందో లేదో చూడాలని మాటిమాటికీ గూగుల్‌లో వెతకడం కూడా మంచిది కాదు. నొక్కకుండా చూసిన ప్రతిసారీ, ప్రకటన కనిపించినవాటిలో ఎన్నిసార్లు నొక్కారన్న మన నిష్పత్తే పడిపోతుంది. దానికోసం ఖాతాలోనే ప్రివ్యూ సాధనం ఉంది.

నాకు ఉన్న అసంతృప్తి ఒకటే. 2020 నుంచి సెర్చ్ టర్మ్స్ నివేదికలో చాలామంది వెతికిన మాటలనే చూపిస్తున్నారు. విజయవాడ వంటి ఊరిలో, తెలుగులో, తక్కువమంది వెతికే మాటలపై ఆధారపడే చిన్నవారికి ఇది పెద్ద లోటు. నా ఖర్చులో కొంత భాగం ఏ మాటకు పోయిందో నాకు ఎప్పటికీ తెలియదు.

అయినా ఆ నివేదికను ఆదివారం చదవడం మానలేదు. కిందటి ఏడాది వర్షాకాలంలో "బాల్కనీకి పావురాల నెట్" అనే మాట వారం వారం కనిపిస్తుంటే మొదట దాన్నీ నెగటివ్‌లో వేయబోయాను. మా ఆవిడ ఆపి, "అదీ మన నిచ్చెనతో, మన డ్రిల్లుతో అయ్యే పనే కదండీ" అంది. సెప్టెంబరులో దానికి వేరే పేజీ, వేరే క్యాంపెయిన్ పెట్టాము. తాడేపల్లి, మంగళగిరి వైపు కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ల నుంచి ఇప్పుడు వారానికి మూడు నాలుగు బాల్కనీల పని వస్తోంది, మూడో పనివాడిని పెట్టుకున్నాము.