గిరిసోల దాటాక డ్యాష్‌క్యామ్ ఎంత అక్కరకొస్తుంది?

గిరిసోల దగ్గర ఆంధ్ర–ఒడిశా సరిహద్దు దాటుతూ ఇచ్ఛాపురం, బరంపురం, పర్లాకిమిడి దారుల్లో కారు నడిపేవాళ్లకి డ్యాష్‌క్యామ్, అంటే కారులో బిగించి దారంతా వీడియో తీసే కెమెరా, దండగేమీ కాదు. కానీ ముందు కెమెరా ఒక్కటే ఉన్నది కొంటే పెట్టిన డబ్బుకి సగమే ఫలితం. ఐదు నుంచి ఎనిమిది వేల మధ్య దొరికే, ముందూ వెనకా కెమెరాలున్న రకం గురించి ఈ మాట. వీడియో ఎంత అందంగా వస్తోందో ఇక్కడ చూడలేదు. గుద్దుకున్నాక తప్పెవరిదో తేల్చడానికి పనికొస్తుందా అన్నదే లెక్క.

వెనక నుంచి గుద్దితే తప్పు సాధారణంగా వెనకవాడిదే. లారీ వెనక 10–15 అడుగుల దూరంలో వెళ్తూ దాన్ని గుద్దిన కారు కేసులో, ఆ దూరం చాలదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అలాగని ముందువాడు ప్రతిసారీ తప్పించుకోలేడు. హైవే మీద సూచన లేకుండా కారు ఆపేస్తే బైకు దానికి తగిలి పడి, వెనకొచ్చిన బస్సు బైకతని కాలు మీదెక్కిన కేసులో 2025లో అదే కోర్టు కారుకి 50, బస్సుకి 30, బైకుకి 20 శాతం బాధ్యత పంచింది. ఎవరి వాటా ఎంతో ఇలాంటి చోట వెనక కెమెరాయే చెప్పగలదు. ముందు కెమెరా మాత్రం మీరెంత దగ్గరగా వెళ్తున్నారో కూడా చెప్పేస్తుంది, మొహమాటం లేకుండా.

ఇక్కడ ఒక చిక్కుంది. లెన్స్ వెడల్పుగా చూస్తుంది కాబట్టి ముందున్న లారీ ఉన్న దూరం కంటే ఎక్కువ దూరంలో కనిపిస్తుంది. కంటిచూపుతో వాదించొద్దు. వీడియోలో లారీ ఒక స్తంభం దాటాక మీ కారు దాన్ని చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. రెండుకి తక్కువైతే మీ వాదన బలహీనమే. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 44 మీటర్లు.

డివైడర్ కట్ దగ్గర అడ్డంగా దూరిన ఆటో, రాంగ్ సైడ్‌లో వచ్చిన ట్రాక్టర్: వీటిలో ముందు కెమెరా బాగా పనిచేస్తుంది. జీపీఎస్ ఉన్న మోడల్ వేగం కూడా ముద్రిస్తుంది. మీదే మితిమీరిన వేగమైతే ఆ ముద్రే మీ వాటా పెంచుతుంది. సిగ్నల్ లేని కూడలిలో మెయిన్ రోడ్డు బండికి ముందు దారివ్వాలి, రెండూ సమానమైన రోడ్లైతే కుడివైపు నుంచి వచ్చేదానికి. తప్తపాణి ఘాట్ లాంటి ఎత్తుల్లో రెండు బండ్లు పట్టని ఇరుకొస్తే దిగేవాడు ఆగి ఎక్కేవాడికి దారివ్వాలి. తలుపు పక్కన తగిలిన దెబ్బ మాత్రం రెండు కెమెరాలకీ అందదు. దానికి ఈ ధరలో మందు లేదు.

పెద్ద లోపం గడియారం. జీపీఎస్ లేని మోడల్‌లో టైమ్ జారిపోతుంది. ఉన్నదాంట్లోనూ టైమ్ జోన్ సరిచేయకపోతే ఐదున్నర గంటల తేడా వస్తుంది. ఎఫ్‌ఐఆర్‌లో రాత్రి 8 అని ఉండి వీడియోలో మధ్యాహ్నం రెండున్నర అని ఉంటే అవతలి వకీలుకి పండగే. వారానికోసారి ఫోన్‌తో పోల్చి చూసుకోండి.

రెండో లోపం కార్డు. రెండు కెమెరాలూ కలిసి గంటకి 10 జీబీ రాస్తే 64 జీబీ కార్డు ఆరు గంటల్లో నిండి, పాతది చెరిపేస్తూ పోతుంది. గట్టి కుదుపుకే ఫైల్ చెరగకుండా లాక్ అవుతుంది, బైకు మెల్లగా రాసుకుంటే అవ్వదు. అప్పుడు లాక్ బటన్ మీరే నొక్కి, పవర్ ఆపి కార్డు తీసేయాలి. విశాఖ వెళ్లొచ్చాక చూద్దామనుకుంటే ఏమీ మిగలదు. రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో నంబర్ ప్లేటు తెల్లగా వెలిగిపోయి అంకెలు కనబడవు కాబట్టి మైక్ ఆన్‌లో ఉంచి నంబర్ పైకి చదవండి. లిథియం బ్యాటరీది వద్దు, మన ఎండలకి ఉబ్బుతుంది. బ్యాటరీకి బదులు, వేడికి తట్టుకునే సూపర్ కెపాసిటర్ ఉన్నదే అడగండి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్య చట్టం సెక్షన్ 63 ప్రకారం, వీడియో కాపీ ఇస్తే హ్యాష్ విలువతో (ఫైల్‌కి వేలిముద్ర లాంటి అంకె, ఫైల్ మారితే అదీ మారుతుంది) సర్టిఫికెట్ కావాలి. అందుకే అసలు కార్డు దాచండి, ఇన్సూరెన్స్ సర్వేయర్‌కి కాపీ చాలు. వాట్సాప్‌లో పంపితే ఫైల్ కుదించుకుపోయి అసలుతో సరిపోలదు. పోలీసులు కార్డు తీసుకుంటే జప్తు పట్టికలో రాయించుకోండి. ఒడిశా స్టేషన్‌లో ఫిర్యాదు ఒడియాలో రాసిస్తే చదివించుకున్నాకే సంతకం. మాట్లాడ్డం వచ్చినా లిపి రానివాళ్లు మనలో తక్కువేం కాదు.

గాయాలైన కేసుకి బరంపురం చుట్టూ తిరగక్కర్లేదు. నష్టపరిహారం క్లెయిమ్ దాఖలు చేసేవాళ్లు తాము నివసించే చోటి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లోనూ వేయొచ్చు, అంటే ఇచ్ఛాపురం వాళ్లు శ్రీకాకుళం జిల్లాలోనే. ఆరు నెలల్లోపు వేయాలన్నది చట్టం. చిన్న సొట్టలకి ఇదంతా అనవసరం, కాంప్రహెన్సివ్ పాలసీలో తప్పెవరిదైనా మీ కారు మీ కంపెనీయే బాగుచేయిస్తుంది, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం పోతుంది.

ఐదుకి మూడున్నర. నాలుగివ్వకుండా అర తగ్గించడానికి కారణం బిగింపు: వెనక వైరు డిక్కీ తలుపు మడత దగ్గర నలిగి తెగుతుంది, అక్కడ రబ్బరు గొట్టంలోంచే లాగమని మెకానిక్‌కి ముందే చెప్పాలి.