నోటా మీట: మునుగోడు ఓటరు వాడి చూసి రాసిన సమీక్ష

ఐదు స్టార్లకు రెండున్నర. తెలంగాణల నోటా (నిలబడ్డోళ్లల్ల ఎవలూ వద్దని చెప్పే ఓటింగ్ మిషన్ మీట) మొదలైన 2014 నుంచి దీన్ని వాడుకుంట, మధ్యల మానేసి, మళ్లీ వాడుతున్న. మాది మర్రిగూడ మండలం, మునుగోడు నియోజకవర్గం. ఉండేది హైదరాబాద్‌ల, ఓటు మాత్రం ఊర్లనే. ఏ పార్టీ మీదా మనసు లేక, అట్లని పోలింగ్ రోజు ఇంట్ల పండుకోనూ లేక ఉన్నోళ్లకు పనికొస్తదని రాస్తున్న. ఏ పార్టీ మంచిదో మాత్రం అడగొద్దు. అది తెలిస్తే నోటా దాకా ఎందుకొస్త?

ఇది రాకముందు ఎట్లుండెనో తెలియకపోతే దీని విలువ తెల్వదు. ఎవలికీ ఓటెయ్యనని చెప్పే హక్కు అప్పుడూ ఉండె, 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్ల 49-ఓ కింద. బూత్‌ల "నేను ఓటెయ్య" అని ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు చెప్పాలె. ఆయన 17-ఏ రిజిస్టర్‌ల మన పేరు పక్కన ఆ సంగతి రాస్తడు. దాని కింద మనం సంతకం పెట్టాలె. అవతల కూసున్న ఏజెంట్లెవలు? ఒకడు మేనబావ, ఒకడు పాలోడు, ఇంకొకడు మనకు ఎరువులు ఉద్దెరకిచ్చే దుకాణపాయన. పొద్దుగూకే సరికి ఊరంతా ఎరుకైతది. 2013 సెప్టెంబర్ 27న పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం ఏసిన కేసుల సుప్రీంకోర్టు పట్టుకున్నది సరిగ్గా ఈ లోపాన్నే. ఓటేసినోనికి గుట్టు ఉన్నప్పుడు, ఎవలూ వద్దన్నోనికి ఎందుకుండొద్దు అన్నది. ఆ తీర్పుతోని వచ్చిన మీట 2014 ఏప్రిల్ 30న మా చేతికి అందింది.

గుట్టు విషయంల నోటా పని బాగనే చేస్తది. మీట నొక్కితే అందరి ఓటుకు వచ్చినట్టే బీప్ వస్తది. ఓటు చీటీ చూపించే వీవీప్యాట్ మిషన్ అద్దంల ఇంటూ గీతల బ్యాలెట్ బొమ్మ ఏడు సెకన్లు కనబడి కింద పడ్తది. ఇంకో లాభం గురించి జనం ఎక్కువ మాట్లాడరు. పోలింగ్‌కే పోకపోతే జాబితాల మన పేరు ఖాళీగ ఉంటది, సాయంత్రం నాలుగు దాటినంక ఆ ఖాళీ మీద కొందరి కన్ను పడ్తది. పోయి నోటా నొక్కొస్తే మన పేరు మీద ఇంకొకడు ఎయ్యలేడు. మీరు పోయేసరికే ఎవడన్న మీ ఓటు ఏసిపోయి ఉంటే తిరిగి రావొద్దు, టెండర్డ్ ఓటు అడగాలె. దాన్ని మిషన్‌ల కాకుండ బ్యాలెట్ కాగితం మీద వేయించి విడిగ కవర్‌ల పెడతరు.

ఇగ అసలు పరీక్ష 2022 నవంబర్ 3న మునుగోడు ఉపఎన్నికల జరిగింది. 47 మంది నిలబడ్డరు. ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద 16 మీటలుంటయి. 47కు నోటా కలిపితే 48, మూడు యూనిట్లు అంచు దాకా నిండినయి. నోటా ఎప్పుడూ ఆఖరుదే గనుక మూడో యూనిట్‌ల అట్టడుగు మీట దానిది. కారు గుర్తు లెక్కనే రోడ్డు రోలర్ గుర్తు కనబడ్తదని ఎన్నికకు ముందు పెద్ద లొల్లే అయ్యింది. అట్ల గుర్తులు పోల్చుకోనీకే తిప్పలు పడే ముసలోళ్లు అన్ని బొమ్మలు దాటుకుని కింది దాకా పోయి నోటా వెతకాలంటే మాటలు కాదు. పోలింగ్ 93 శాతం దాటింది. పట్నం నుంచి మాలాంటోళ్లను బండ్లు పెట్టి తోలుకొచ్చిన ఎన్నిక అది. పైసలు ఏ పార్టీ ఎంత పంచిందో మా గల్లీల చిన్నపిల్లగానికి కూడా తెలుసు. పక్కింటికిచ్చి మాకెందుకియ్యలేదని కొట్లాడినోళ్లను చూసిన. ఇచ్చుడే కాదు, తీసుకునుడూ నేరమే, ఏడాది దాకా జైలు పడొచ్చు. ఆ ముక్క నేను అంటే మా గల్లీల నవ్వినరు.

ఆ ఎన్నికకు ముందురోజు రాత్రి మా పెద్దమ్మ అన్న మాటకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. "నువ్ నొక్కి పట్నం పోతవ్ బిడ్డా. రేపు పింఛన్ ఆగినా, రేషన్ కార్డుల పేరెక్కకపోయినా పోయి నిలబడేది నేను. ఎవలికో ఒకలికి ఏస్తెనే అడగనీకి మొఖముంటది." నోటా మీద నేను విన్న విమర్శలన్నిట్ల బరువైనది ఇదే. టీవీల చెప్పే "ఓటు వృథా" కంటే బరువైనది. ఆమె లెక్కల ఓటు అంటే గెలిచినోని మీద ఉండే బాకీ. నోటా ఆ బాకీని రాసుకోదు.

పైగా గుట్టుకు ఒక చిల్లు ఉన్నది. ఎవలు నొక్కినరో తెల్వదు గానీ ఎంతమంది నొక్కినరో తెలుస్తది, అదీ బూత్ వారీగ. కౌంటింగ్ అయినంక వచ్చే ఫారం-20ల ప్రతి బూత్‌కు నోటాకొక గడి ఉంటది. ఐదారు వందల ఓట్లున్న బూత్‌ల పది నోటాలు పడ్డయనుకోండి, ఆ పది మంది ఎవలై ఉంటరో రచ్చబండ కాడ లెక్క తీస్తరు. చదువుకున్నోళ్ల పేర్లు, పట్నం నుంచి వచ్చినోళ్ల పేర్లు ముందుగాల వస్తయి.

ఇక ఇది చెయ్యని పనులు. నోటాకు అందరికంటే ఎక్కువ పడ్డా దాని తర్వాత ఉన్నోడే గెలుస్తడు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లల్ల ఆరో వంతు దాటాలె, ఆ చెల్లిన ఓట్లల్ల నోటాను కలపరు. అంటే మన కోపంతోని ఎవని డిపాజిట్టూ పోదు. 2024ల ఇండోర్‌ల కాంగ్రెస్ అభ్యర్థి తప్పుకుంటే నోటాకు రెండు లక్షలకు పైన ఓట్లు పడ్డయి, గెలిచినాయన 11 లక్షల మెజారిటీతో నవ్వుకుంట పార్లమెంటుకు పోయిండు. అదే ఏడు సూరత్‌ల ఒక్కడే మిగిలితే పోలింగే పెట్టలేదు, మీట నొక్కే అవకాశమే లేదు. ఎమ్మెల్సీ, రాజ్యసభ ఎన్నికలల్ల 2018 నుంచి నోటా లేనే లేదు.

మీటల అలిగిన ఓటరు మాట అంత చిన్నగ వినబడితే, మా జిల్లా అంతకుముందే ఇంకో దారి చూపించింది. 1996 పార్లమెంటు ఎన్నికల నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేసినరు. దుశర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి పిలుపు మీద, ఫ్లోరైడ్ నీళ్లతోని ఎముకలు వంగిన మనుషుల తరఫున ఏసిన నామినేషన్లు అవి. బ్యాలెట్ కాగితం పుస్తకమయ్యింది, పోలింగ్ వాయిదా పడ్డది. ఆఖరుకు గెలిచింది సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం. ఓడినోళ్లల్ల మా ఇంటి మనిషొకాయన ఉన్నడు, 500 రూపాయల డిపాజిట్ పోయినందుకు ఆయన ఎన్నడూ బాధపడలేదు. దేశమంతా మా నీళ్ల గురించి అప్పుడే విన్నది. సర్కారు కూడా విన్నది, అయితే ముందుగాల డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచింది! ఇప్పుడది 25,000. మిషన్ భగీరథ నల్లా మా వాకిట్లకు రానీకి ఇంకో ఇరవై ఏండ్లు పట్టింది. కాబట్టి ఆ దారి గెలిచిందని గొప్పలు చెప్పను. కానీ 480 పేర్లను ఎవలూ చూడనట్టు నటించలేకపోయినరు. నోటా గడిని నటించే అవసరం లేకుండనే దాటేస్తరు.

అలిగినోళ్లకు నాకు బాగా నచ్చిన సాధనం మాత్రం వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ బ్యాలెట్. 2021ల 71 మంది, 2024 ఉపఎన్నికల 52 మంది నిలబడ్డరు. కాగితం పరిస్తే బల్ల నిండుతది. వాళ్లిచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్నుతోనే మనకు నచ్చిన వరుసల 1, 2, 3 అని అంకెలెయ్యాలె. టిక్కు పెడితే చెల్లదు, సంతకం పెడితే చెల్లదు. డిగ్రీ చదివినోళ్ల ఓట్లే వేలకు వేలు చెల్లకుండ పోయినయి, చెప్పుకుంటే సిగ్గుచేటు. ఇందుల సుఖమేందంటే, గెలవడని తెలిసీ నచ్చిన మనిషికి 1 వెయ్యొచ్చు, ఓర్చుకోగలిగినోనికి 2 వెయ్యొచ్చు. తక్కువ ఓట్లొచ్చి మొదటాయనను లెక్కల నుంచి తప్పిస్తే ఓటు రెండో ఆయనకు పోతది, చెత్తబుట్టకు పోదు. 2021ల రోజుల తరబడి లెక్కబెట్టి కింది ప్రాధాన్యాలతోనే ఫలితం తేల్చినరు. ఒక్కటి యాదుంచుకోండి: ప్రతి ఎన్నికకు ఓటరు నమోదు కోసం కొత్తగా ఫారం-18 పెట్టుకోవాలె. పాత జాబితాల పేరున్నదన్న ధీమా పనికిరాదు.

సర్పంచ్ ఎన్నికకు నోటా ఆలోచన నాకు రాదు. అక్కడ నిలబడేది రోజూ మొఖం చూసే మనిషి. మోరీ నిండితే ఎవడు పార పడ్తడో తెలిసినంక ఎవలూ నచ్చలేదనుడు నాకైతే కుదరదు. ఏకగ్రీవమని పదవి వేలం పాడే ఊర్లల్ల ఆ మాత్రం ఎంపిక కూడా దొరకదు.

ఇప్పుడు నా వాడకం ఇట్లుంది. అసెంబ్లీకి, పార్లమెంటుకు నామినేషన్లు ముగిసినంక ఎన్నికల కమిషన్ సైట్‌ల అఫిడవిట్లు తెరుస్త. కేసులు, ఆస్తులు, చదువు, అన్నీ ఫారం-26ల ఉంటయి. పెద్ద పార్టీలయి చదివి ఆగను, కింద ఉన్న స్వతంత్రులయి కూడా చూస్త. వాళ్లల్ల సగం మంది పెద్ద అభ్యర్థి పేరు లెక్కనే పేరున్నదని నిలబెట్టినోళ్లు, అది చూడంగనే తెలుస్తది. మిగిలినోళ్లల్ల ఒక్కరన్న ఓర్చుకునేటట్టు ఉంటే వాళ్లకే నొక్కుత, ఓడిపోతరని తెలిసినా సరే. వాళ్లకు పడ్డ ఓటు డిపాజిట్ లెక్కలకన్న వస్తది, నోటా అదీ చెయ్యదు. ఒక్కరూ దొరకనప్పుడే ఆఖరు మీట. జాబితా చదవకుండ నేరుగ నోటాకు పోయేటోళ్లకు ఇది నేను సిఫారసు చెయ్యను. ఊర్లనే ఉండి ఆఫీసుల చుట్టూ తిరిగే మా పెద్దమ్మ అసొంటోళ్లకు అసలే చెయ్యను.

మిగతా రెండున్నర స్టార్లు ఎందుకు ఆపిన్నో హర్యానాను చూస్తే తెలుస్తది. 2018ల అక్కడి రాష్ట్ర ఎన్నికల సంఘం మున్సిపల్ ఎన్నికలకు నోటాను కూడా ఒక అభ్యర్థి లెక్క చూడాలన్నది. నోటాకే ఎక్కువ పడితే ఎన్నిక మళ్లీ పెట్టాలె, ఓడినోళ్లు ఆ మళ్లీ ఎన్నికల నిలబడొద్దు. అసొంటి నోటా మర్రిగూడ బూత్‌కు వచ్చిన్నాడు ఈ సమీక్ష కొట్టేసి కొత్తది రాస్త.