ఓణానికి కొచ్చి: గుడి విస్తరి ముందు హోటల్ పార్సిల్ ఎందుకూ పనికిరాలేదు

2025లో తిరువోణం, అంటే ఓణం పండగలో అసలు రోజు, మిలాదున్ నబీ రెండూ సెప్టెంబర్ 5నే పడ్డాయి. సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పుడు మాకా సంగతి తట్టలేదు. ఎర్నాకుళంలో దిగాక లాడ్జి గుమస్తా గుర్తుచేశాడు. ముందే బుక్ చేసుకున్న గదికి పండగ రేటంటూ దాదాపు రెట్టింపు అడిగాడు. ఆ రాత్రికి సర్దుకుని, తెల్లారి తృప్పూణితురలో ఒక హోంస్టేకి మారిపోయాం.

అదే మంచిదైంది. ఆ ఇంటివాళ్లు క్రైస్తవులు. అయినా వాకిట్లో ఓణం పూలముగ్గు, పూక్కళం, చూస్తే మన బతుకమ్మను విప్పి నేల మీద పరిచినట్టుంది. పండగకు పది రోజుల ముందు, అత్తం (హస్త) నక్షత్రం నాడు, ఆ ఊళ్లోనే అత్తచమయం ఊరేగింపు జరుగుతుంది. కొచ్చి మహారాజుల రోజుల్లో అందులో రాజుగారి వెంట కరింగాచిర చర్చి ఫాదరుకి, ముస్లిం మతపెద్ద నెట్టూరు తంగళ్‌కి, మత్స్యకారుల పెద్ద చెంపిల్ అరయన్‌కి స్థానం ఉండేదని ఇంటావిడ గర్వంగా చెప్పింది.

తిరువోణం నాడు ఎడపల్లి మెట్రోలో దిగి ఆటోలో త్రిక్కాకర వెళ్లాం. గుళ్లో దేవుడు వామనుడు, ఊరంతా ఎదురుచూసేది మాత్రం బలిచక్రవర్తి కోసం. తొక్కినాయన గుళ్లో తొక్కించుకున్నాయనకి స్వాగతం!

ఆ గుళ్లో పెట్టే ఓణం విందు భోజనాన్ని సద్య అంటారు. దానికి మతం అడగరు, డబ్బూ అడగరు. గంటన్నర లైన్లో నిలబడ్డాం, చెప్పుల దగ్గర మాత్రం గందరగోళమే. అరిటాకు కొస ఎడమవైపు ఉండాలి. అరటి చిప్స్, బెల్లం పట్టించిన శర్కర వరట్టి, మన అల్లం పచ్చడికి చుట్టమైన ఇంజిపుళి, అవియల్, ఓలన్, కాళన్ అనే కూరలు వరసగా వచ్చాయి. లావు మట్ట బియ్యం అన్నం మావారికి దిగలేదు, నాకు మాత్రం రెండో ముద్దకే అలవాటైంది. మొదట పప్పు, నెయ్యి, అప్పడం. తర్వాత సాంబారు. ఆ తర్వాత పాయసం. మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. పాయసం వచ్చింది కదా, భోజనం అయిపోయిందనుకుని పాలడ అనే ఆ పాయసాన్ని రెండుసార్లు పోయించుకున్నాను. వెనకాలే మళ్లీ అన్నం, రసం, మజ్జిగ!

సాయంత్రం కొచ్చి పాతబస్తీ మట్టాంచేరిలో మిలాద్ తోరణాల కింద ఎవరో ఆపి ఇంకో గ్లాసు పాయసం చేతిలో పెట్టారు. వద్దంటే ఊరుకుంటారా?

పండగ రోజు చాలా హోటళ్లు మూసేస్తారు. మర్నాటికని ముందే చెప్పుకున్న సద్య పార్సిల్ రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది, అవియల్ పులిసిపోయింది. అంత డబ్బు పెట్టి తినాల్సినదైతే కాదు. ఉత్తర మలబారులో ఓణం విస్తట్లో చేప, కోడి కూడా వడ్డిస్తారని ఇంటావిడ అనగానే మావారు వచ్చే ఏడు అక్కడి కణ్ణూరే అని తేల్చేశారు.

అరన్ముల గుళ్లో పడవవాళ్లకి పెట్టే విందు, వళ్ళసద్యకి వెళ్లలేకపోయాం. అక్కడ పడవవాళ్లు పాట పాడుతూ ఒక్కో వంటకం అడిగి వడ్డించుకుంటారు. ముందే బుక్ చేసుకోవాలి, మేం చేసుకోలేదు.