పెరటి బంగాళాదుంప: జ్యోతి, పుఖ్‌రాజ్, సూర్య – ఏది మేలు?

దసరా దాటిందంటే పెరటి తోటల వాళ్ళ మాటల్లోకి బంగాళాదుంప వచ్చేస్తుంది. ఏ రకం వేయాలి, ఏది ఎక్కువ కాస్తుంది, ఏది రుచిగా ఉంటుంది అని అడుగుతుంటారు. వాటికి జవాబు చెప్పేముందు నేను ఎదురడిగేది ఒకటే: డిసెంబరులో మీ ఊళ్ళో రాత్రులు ఎంత చల్లగా ఉంటాయి? మన నేల మీద బంగాళాదుంప రకాన్ని నిర్ణయించేది ముందుగా రాత్రి చలే. రుచీ దిగుబడీ ఆ తర్వాతి సంగతులు.

పగలు ఆకు తయారుచేసిన ఆహారం దుంపలోకి దిగి పిండిగా నిలవాలంటే రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు ఉండాలి. పదిహేనుకీ ఇరవైకీ మధ్య ఉంటే దుంప చక్కగా ఊరుతుంది. రాత్రులు వెచ్చగా ఉంటే మొక్క ఆ ఆహారాన్ని ఆకులకీ కాడలకీ మళ్ళిస్తుంది, కొంత శ్వాసకే ఖర్చు చేసుకుంటుంది. పైన పచ్చగా, గుబురుగా కళకళలాడుతున్న మొక్కను పీకి చూస్తే కింద గోలీలంత దుంపలు నాలుగు కనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. నత్రజని ఎక్కువైనా ఇలాగే జరుగుతుంది కాబట్టి ఎరువు చాలలేదేమోనని మరింత వేస్తే ఇంకా చెడుతుంది.

హైదరాబాదు, జహీరాబాదు ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి. జహీరాబాదు చుట్టుపక్కల రైతులు ఆలుగడ్డను పొలాల్లో పండించగలుగుతున్నది ఆ చలి అండతోనే. కుప్పం, వి.కోట, మదనపల్లె వైపు పీఠభూమి ఎత్తు కలిసొస్తుంది. విజయవాడ, రాజమండ్రి, విశాఖల్లో మాత్రం చలికాలపు రాత్రి కూడా 18–20 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. నడి చలికాలానికి అటూ ఇటూ 20 డిగ్రీల గీత దాటిపోతుంది. ఈ తేడాను దృష్టిలో పెట్టుకునే మూడు రకాలనూ పోల్చాలి.

మన దేశంలో తయారైన చాలా రకాల పేర్ల ముందు కుఫ్రీ అని ఉంటుంది. అది సిమ్లా దగ్గరి ఊరు. కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ సంకరణ పని అక్కడే సాగుతుంది. కుఫ్రీ జ్యోతి 1968లో విడుదలైంది. తెల్లటి తొక్క, తెల్లటి కండ, లోతులేని కళ్ళు (మొలకలు వచ్చే గుంటలు), 90–100 రోజుల పంట. ఇన్నేళ్ళయినా ఇంకా సాగులో ఉందంటే రకరకాల నేలల్లో ఒదిగిపోయే గుణమే కారణం. ఆకుమాడు తెగులును తట్టుకుంటుందని ఒకప్పుడు దానికి పేరు. ఆ శక్తి కాలక్రమంలో పోయింది. మబ్బు పట్టి, మంచు కురిసే రోజుల్లో ఆకు అంచున నీరు నానినట్టు మచ్చ కనిపిస్తే ఆకు తిప్పి చూడండి. అడుగున తెల్లటి బూజు ఉంటే ఆ మొక్కను వెంటనే తీసేయాలి. జ్యోతికి ఇంకో బలహీనత, దుంప పగలడం. కుండీని నాలుగు రోజులు ఎండగట్టి ఒక్కసారిగా తడిపేవారికి ఈ రకం అస్సలు నప్పదు.

కుఫ్రీ పుఖ్‌రాజ్ 1998 నాటిది. పసుపు తొక్క, లేత పసుపు కండ. దీని బలమంతా తొందరలో ఉంది. దుంప త్వరగా ఊరుతుంది, 70–90 రోజుల్లో పంట చేతికొస్తుంది. దిగుబడిలో జ్యోతిని దాటేస్తుంది: ఉత్తరాది మైదానాల్లో మంచి యాజమాన్యంతో జ్యోతి హెక్టారుకు 25 టన్నుల వరకు ఇస్తే పుఖ్‌రాజ్ 40 టన్నుల దాకా ఇవ్వగలదు. మన పెరట్లో అంత రాదు గానీ రెండింటి మధ్య తేడా మాత్రం కనిపిస్తుంది. చలి రోజులు తక్కువున్న చోట రెండు మూడు వారాలు ముందే పంట ముగియడం ఎంత మేలో చెప్పనక్కర్లేదు. లోపమల్లా దుంపలో నీరెక్కువ, పొడిపదార్థం తక్కువ.

కుఫ్రీ సూర్య 2006లో వచ్చింది, వేడిని తట్టుకోవడానికే రూపొందించిన రకం. రాత్రి ఉష్ణోగ్రత 20 దాటినా, 25 డిగ్రీల దాకా దుంప కడుతుంది. కోలగా, పొడవుగా ఉండే దుంపలు, 75–90 రోజుల పంట. పచ్చదోమ రసం పీల్చడంతో ఆకు అంచులు కాలినట్టు మాడిపోయే బాధ దీనికి తక్కువ. మిద్దె తోటల్లో పచ్చదోమ పీడ ఎంతటిదో పెంచేవాళ్ళకు తెలుసు. విత్తనం మాత్రం వీధి చివరి దుకాణంలో దొరకదు, వెతికి తెప్పించుకోవాలి.

ఇక వంటింటి సంగతి. వేపుడుకు నా ఓటు సూర్యకే. పొడిపదార్థం ఎక్కువున్న దుంప నూనె తక్కువ పీలుస్తుంది, ముక్క కరకరలాడుతుంది. పుఖ్‌రాజ్ ముక్క నూనె తాగి మెత్తబడుతుంది. కానీ అదే పుఖ్‌రాజ్‌ను కుర్మాలోనో, వంకాయతో కలిపి పులుసులోనో వేయండి: ఎంత ఉడికినా ముక్క అంచు చెదరదు. పూరీ కూరకు, దోశలో పెట్టే మసాలాకు జ్యోతి హాయి. ఉడికాక వేళ్ళతో నొక్కితే చాలు, మెదిగిపోతుంది.

ఏ రకమైనా సరే, అప్పుడే తవ్విన దుంపతో చేసిన వేపుడుకు బజారు దుంప సాటి రాదు. శీతల గిడ్డంగిలో నెలల తరబడి 2–4 డిగ్రీల చలిలో ఉన్న దుంపలో పిండి కొంత చక్కెరగా మారుతుంది. నూనెలో పడగానే ఆ చక్కెరే నల్లబడి చేదెక్కుతుంది. పెరటి దుంప బంగారు రంగులోనే ఆగుతుంది. ఇంత శ్రమపడి ఇంట్లో పండించుకోవడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇది.

నా నిర్ణయం సూటిగా చెబుతాను. కోస్తా జిల్లాల్లో ఉన్నవారికి సూర్య తప్ప వేరే మాట లేదు. అది దొరకకపోతే పుఖ్‌రాజ్‌ను నవంబరు మొదటి వారంలో నాటి, డెబ్బై రోజులకు తవ్వుకోవాలి. హైదరాబాదు, వరంగల్, కరీంనగర్ వారికి పుఖ్‌రాజ్ నమ్మకమైనది. చోటుంటే పక్కన సూర్య కూడా పెట్టండి. చిత్తూరు పడమటి పీఠభూమి, చింతపల్లి, లంబసింగి వంటి చలి ఊళ్ళ వారు జ్యోతిని నిశ్చింతగా ఎంచుకోవచ్చు. ఎర్ర తొక్క కుఫ్రీ సిందూరి మంచి నిల్వ రకమే గానీ 110–120 రోజులు కావాలి. మైదానాల్లో అది ముగిసేలోపు ఎండలు ముదిరిపోతాయి. ఊదా తొక్కతో ఉండే కుఫ్రీ నీలకంఠ్ 2018లో వచ్చింది. రుచి బాగుంటుంది, పిల్లలకు తవ్వడమంటే సరదా పుడుతుంది. ఒక సంచిలో పెట్టి చూడదగ్గ రకం.

నేలా, సంచా అన్నది పెద్ద చిక్కు కాదు. నేల ఉంటే నేలే మేలు, వేరు చల్లగా ఉంటుంది. మిద్దె మీదైతే నల్ల సంచి ఎండకు వేడెక్కుతుంది కాబట్టి తెల్లది వాడి, పైన ఎండుటాకులు కప్పాలి. దుంపను కోసి నాటడం కంటే 40–50 గ్రాముల చిన్న దుంపను కోయకుండా నాటడమే మంచిది. అక్టోబరు నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, కోసిన ముక్క అందులో కుళ్ళిపోతుంది. నెల తిరిగేసరికి మొదలు చుట్టూ మట్టి ఎగదోయండి. ఈ పని వదిలేస్తే దుంప వెలుగు తగిలి పచ్చబడి, సొలనిన్ అనే విషపదార్థం చేరి తినడానికి పనికిరాకుండా పోతుంది.

తవ్వకంలోనూ రకాన్ని బట్టి తేడా ఉంది. పుఖ్‌రాజ్, సూర్యలను ఆకులు ఇంకా పచ్చగా ఉండగానే, అరవై రోజులు దాటాక, మొక్క పక్కన చెయ్యి పెట్టి తడిమి పెద్ద దుంపలు రెండు మూడు తీసుకుని మట్టి మళ్ళీ కప్పేయవచ్చు. ఆ లేత దుంపల తొక్క పొరలా ఊడివస్తుంది, పీలర్ అవసరం లేదు. రెండు మూడు రోజుల్లో వండేయాలి, నిల్వ ఉండవు. నిల్వకు కావాలంటే తొక్క ముదరనివ్వాలి. ఆకులు పసుపెక్కాక నీళ్ళు ఆపి, కాడలను నేలమట్టానికి కోసి, పది పన్నెండు రోజులు దుంపలను మట్టిలోనే వదలండి. ఒక దుంపను బయటికి తీసి బొటనవేలితో గట్టిగా రుద్దితే తొక్క జారకూడదు. జారితే మరో నాలుగు రోజులు ఆగాలి. తవ్వినవాటిని కడగకుండా నీడలో ఆరబెట్టి, గాయపడినవి ముందు వంటకు వేరుచేసి, మిగతావి చీకటి మూల గోనెసంచిలో పెట్టుకోవాలి.

వచ్చే ఏడాదికి విత్తనం దాచుకుందామన్న ఆశ మాత్రం మైదానాల వారు పెట్టుకోవద్దు. ఫిబ్రవరిలో తవ్విన దుంప నిద్రావస్థ వీడి రెండు మూడు నెలల్లో మొలకెత్తుతుంది. నాటే కాలం అక్టోబరు. మధ్యలో మన ఎండాకాలం ఉంది. శీతల గిడ్డంగి లేకుండా దుంప అంతకాలం నిలవదు. పైగా పేనుబంక మోసుకొచ్చిన వైరస్ దుంపలో ఉండిపోయి ఏటికేడు దిగుబడి తగ్గిస్తుంది. బజారులో మొలకెత్తిన దుంప తెచ్చి నాటినా ఇదే ముప్పు, అదీగాక అది ఏ రకమో తెలియదు. రకం పేరు చెప్పి అమ్మే చోట సెప్టెంబరులోనే విత్తన దుంపలు తెచ్చుకుని, పలచగా పరిచి, నేరుగా ఎండ తగలని వెలుగులో రెండు వారాలు ఉంచండి. అరంగుళం పొడవున, పొట్టిగా లావుగా మొలకలు వస్తే నాటడానికి సిద్ధమైనట్టు.